డ్యాష్‌బోర్డు బటన్ల వెనక దీపం పోతే: పాత బల్బా, ఎల్‌ఈడీనా, స్విచ్చే మార్చాలా?

పోయిన వానాకాలం ఒక రాత్రి రాయచోటి నుంచి కడపకు వస్తున్నాం. గువ్వలచెరువు ఘాటు దిగుతుండగా వాన పట్టుకుంది. లోపల ఐదుగురం, అద్దాలన్నీ ఎక్కించేశాం. రెండు నిమిషాల్లో ముందద్దం నిండా ఆవిరి. ఏసీ బటన్ నొక్కాలి, గాలిని అద్దం మీదికి మళ్లించే నాబ్ తిప్పాలి. ఆ రెండూ చీకట్లో ఉన్నాయి. వాటి వెనక బల్బులు పోయి అప్పటికి ఆరు నెలలు. పగలు కనపడతాయిలే అని నేనే వదిలేశాను. చేత్తో తడుముతూ ఒక్క క్షణం చూపు కిందికి దించాను. తల ఎత్తేసరికి మలుపులో ఎదురుగా లారీ దీపాలు. పక్క సీట్లో ఉన్న మా బావ ఫోన్ వెలిగించి బటన్ చూపించబట్టి సరిపోయింది.

అనంతపురం తిరిగొచ్చాక ఆ వారమే పని పట్టుకున్నాను. మొదట మా బండి, తర్వాత బావ బండి, ఆ తర్వాత మా పెద్దనాయన పాత కారు. మూడింటికీ రోగం ఒకటే అనుకున్నాను గానీ, మూడింటికీ మూడు రకాల మందు పడింది. అందుకే 'ఎల్‌ఈడీ వేయించు, జీవితాంతం చూసుకోనక్కర్లేదు' అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నేను ఒప్పుకోలేను. మీ బటన్ వెనక ఏముందో చూడకుండా ఏది మంచిదో ఎవరూ చెప్పలేరు.

పోయింది బల్బేనా?

చీకటి పడ్డాక పార్కింగ్ లైటు వేసి, డ్యాష్‌బోర్డంతా ఒకసారి నిదానంగా చూడండి. ఒకటో రెండో బటన్లు మాత్రమే చీకటిగా ఉంటే చాలావరకు బల్బే పోయి ఉంటుంది. అన్నీ ఒకేసారి ఆరిపోయి ఉంటే మాత్రం బల్బుల జోలికి పోవద్దు. పది బల్బులు ఒకే రోజు పోవు.

అలా అన్నీ ఆరితే ముందు వెలుగు తగ్గించే చిన్న చక్రం చూడండి. స్టీరింగ్ పక్కనో మీటర్ పక్కనో ఉంటుంది. మా పెద్దనాయన కారులో జరిగింది ఇదే. బండి తుడిచేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఆ చక్రం పూర్తిగా కిందికి తిరిగిపోయింది. ఆయన నెలల తరబడి చీకట్లోనే నడిపారు. పైకి తిప్పగానే సగానికి పైగా బటన్లు వెలిగాయి. పైసా ఖర్చు లేదు.

చక్రం సరిగ్గానే ఉంటే ఫ్యూజు చూడండి. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు లైట్లకూ వెనక ఎర్ర లైట్లకూ ఒకే ఫ్యూజు ఉంటుంది. కాబట్టి లోపల చీకటైతే ఒకసారి బండి దిగి వెనకకు వెళ్లి చూడండి. అక్కడా లైటు లేకపోతే అది బటన్ కనపడకపోవడం కన్నా చాలా పెద్ద ప్రమాదం. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట వెనక లైటు లేని కారును లారీ డ్రైవరు చూసేసరికి ఆలస్యమైపోతుంది. బయట కొన్న మ్యూజిక్ సిస్టమ్ బిగించినప్పుడు దాని లైటు తీగ ఎక్కడో బాడీకి తగిలి ఈ ఫ్యూజు ఎగిరిపోవడం మామూలుగా జరిగేదే. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే పెద్ద ఆంపియర్లది వేయకండి. తీగ ఎక్కడ తగులుతోందో వెతికించండి.

బటన్ వెనక ఏముంటుంది?

మూడు రకాలుంటాయి. బటన్ విప్పి వెనక చూస్తే తెలిసిపోతుంది.

మొదటిది, హోల్డరులో గుచ్చిన చిన్న గాజు బల్బు. టీ5 అంటారు. గాజు లావు సుమారు 5 మిల్లీమీటర్లు, 12 వోల్టులు, 1.2 వాట్లు. దీనికన్నా సన్నవి టీ4.7, టీ4.2, టీ3 అని వస్తాయి. కొన్ని బల్బులకు ప్లాస్టిక్ అడుగు కూడా కలిసే ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పితే బల్బూ అడుగూ ఒకటిగా ఊడొస్తాయి. రెండోది, సర్క్యూట్ బోర్డుకు నేరుగా టంకం పెట్టిన బియ్యపు గింజంత బల్బు. మూడోది, కొత్త బండ్లలో కనిపించేది, బోర్డుకే అతికించిన సన్నని ఎల్‌ఈడీ.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మా బండి తీసుకెళ్తే ఒక షెడ్డులో చూసీ చూడగానే చెప్పేశారు: "అన్నా, దీనికి బల్బు విడిగా రాదు, స్విచ్ మొత్తం మార్చల్ల." సరేనని ఇంటికొచ్చి నేనే విప్పాను. వెనక పావు చుట్టు తిప్పితే వచ్చే హోల్డరు ఉంది. ఆ మాట చెప్పినాయన అబద్ధమాడాడని నేననను. విప్పి చూసే తీరిక ఆయనకు లేదు. కాబట్టి స్విచ్ కొనే ముందు పాతది విప్పించి, వెనక వైపు మీ కళ్లతో చూడండి.

పాత రకం బల్బే మళ్లీ వేయడం

నా వరకు హోల్డరు ఉన్న బండికి మొదటి ఎంపిక ఇదే. చౌక. పదుల రూపాయల్లో అయిపోతుంది. రంగు, వెలుగు పక్క బటన్లతో సరిగ్గా కలుస్తాయి. ఎటు తిప్పి పెట్టినా వెలుగుతుంది. వెలుగు తగ్గించే చక్రం మాట వింటుంది. గాజు బల్బు వెలుగు చుట్టూ పరుచుకుంటుంది గనక బటన్ మీది బొమ్మ మూల నుంచి మూల దాకా ఒకే తీరుగా కనపడుతుంది. కంపెనీ ఆ బటన్‌ను గీసింది ఆ వెలుగును లెక్కలో పెట్టుకునే.

దీనికున్న లోపం ఆయుష్షు. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజి 12 ఉండదు, 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది. గాజు బల్బుకు వోల్టేజి 5 శాతం పెరిగితే చాలు, ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే బల్బు మీద 14 వోల్టులు అని రాసున్నది దొరికితే అదే తీసుకోండి. కాస్త మసకగా వెలిగినా ఎక్కువ కాలం నిలుస్తుంది. వెలుగు తగ్గించే చక్రాన్ని ఎప్పుడూ చివరిదాకా పెంచి ఉంచకుండా ఒక్క గీత కిందికి పెట్టుకున్నా అంతే లాభం.

వాట్ల విషయంలో మాత్రం పట్టుగా ఉండండి. 1.2 వాట్ల చోట బాగా వెలగాలని 5 వాట్ల బల్బు ఎలాగో ఇరికించి పెట్టేవాళ్లున్నారు. గాజు బల్బు తాగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే బయటికొస్తుంది. నాలుగు రెట్ల వేడి, గాలి ఆడని ఇరుకు, చుట్టూ ప్లాస్టిక్. మొదట బటన్ మీది అక్షరం పసుపెక్కుతుంది, తర్వాత హోల్డరు వంకర పోతుంది. అసలే మే నెలలో అనంతపురం ఎండకు నిలబెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలి ఉంటుంది. దానికి తోడు ఇంకో వేడి ఎందుకు?

ఇంకొక మాట. ఒక ప్యానెల్‌లో నాలుగు బల్బులుండి ఒకటి పోతే నాలుగూ మార్చేయండి. అన్నీ ఒకే రోజు పుట్టినవి, ఒకే గంటలు వెలిగినవి. ఒక్కటే మారిస్తే ఆరు నెలలకు మళ్లీ ప్యానెల్ విప్పాలి. విప్పిన ప్రతిసారీ ఒక క్లిప్పు విరిగే ప్రమాదం ఉంది. బల్బు ధర కన్నా ఆ క్లిప్పు విలువ ఎక్కువ.

అదే హోల్డరులో ఎల్‌ఈడీ

ఎల్‌ఈడీకి ఉన్న మంచి పేరు ఊరికే రాలేదు. వేడి చాలా తక్కువ, కరెంటు తక్కువ, కుదుపులకు తెగే సన్న తీగ లోపల లేదు. గుంతల దారుల మీద రోజూ తిరిగే బండికి ఈ చివరిది నిజంగా పనికొస్తుంది. బటన్ విప్పడం చాలా కష్టమైన చోట, అంటే మ్యూజిక్ సిస్టమ్, ఏసీ గొట్టాల మూతలు అన్నీ తీస్తే గానీ చేరలేని చోట, మళ్లీ మళ్లీ విప్పే బాధ లేకుండా ఎల్‌ఈడీ వేయడం న్యాయమే.

కానీ ఎంచుకోవడంలో తప్పులు జరిగేది ఎక్కువగా ఇక్కడే. బావ బండికి మొదట నేను తెచ్చింది మంచులాంటి చల్లటి తెలుపు ఎల్‌ఈడీలు. అంగడిలో చూస్తే అద్భుతం. బండిలో పెట్టి నార్పల దారిన రాత్రి ఒక చుట్టు తిరిగామో లేదో, ఇద్దరికీ కళ్లు లాగాయి. ఏసీ బటన్ల ప్రతిబింబం పక్క కిటికీ అద్దంలో తెల్లగా మెరుస్తోంది, బయట కుడివైపు మిర్రరు చూడాలంటే ఆ మెరుపు దాటి చూడాలి. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నీలం కలిసిన తెల్లని వెలుగు ఆ అలవాటును త్వరగా చెడగొడుతుంది. ఎరుపు, నారింజ రంగులు అంతగా చెడగొట్టవు. వయసు పెరిగేకొద్దీ కంటిలోపల వెలుతురు చెదరడమూ ఎక్కువవుతుంది. అరవై దాటిన మా పెద్దనాయనకు నీలం బటన్లు పెడితే అది ఆయనకు చేసే మేలు కాదు.

రెండోది రంగు టోపీ. పాత బండ్లలో బల్బు మీద ఆకుపచ్చదో నీలందో చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. లేదంటే బటన్ లోపలే రంగు ప్లాస్టిక్ ఉంటుంది. గాజు బల్బు పసుపు వెలుగు ఆ టోపీలోంచి వచ్చినప్పుడు ఒక రంగు, చల్లటి తెలుపు ఎల్‌ఈడీ వెలుగు వచ్చినప్పుడు ఇంకో రంగు. నాలుగు బటన్లలో ఒక్కటే మారిస్తే అది పళ్లలో బంగారు పన్నులా వేరుగా కనపడుతుంది. టోపీ ఉన్న చోట వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ వేయండి, లేదా టోపీ తీసేసి అదే రంగు ఎల్‌ఈడీ వేయండి. ఆకుపచ్చ టోపీ కింద ఎర్ర ఎల్‌ఈడీ వేస్తే దాదాపు ఏమీ కనపడదు, ఎందుకంటే ఆకుపచ్చ టోపీ ఎరుపును బయటికి వదలదు.

మూడోది వెలుగు పరుచుకునే తీరు. ముక్కు మీద వెలుగునిచ్చే చిప్పు ఒక్కటే ఉన్న ఎల్‌ఈడీ టార్చిలా ముందుకే కొడుతుంది. బటన్ నడుమ తెల్లటి చుక్క, అంచుల్లో చీకటి. పక్కలకు కూడా చిప్పులున్నదో, పైన పాలరంగు మూత ఉన్నదో తీసుకోవాలి. గాజు బల్బు కన్నా పొడుగ్గా ఉన్నది కొంటే లోపలి ప్లాస్టిక్‌కు తగిలి హోల్డరు సరిగ్గా కూర్చోదు. పాత బల్బు జేబులో వేసుకుని వెళ్లి పక్కన పెట్టి కొలిచి కొనండి.

నాలుగోది, ఎల్‌ఈడీ ఒకవైపే వెలుగుతుంది. వెలగకపోతే పాడైందని పారేయకండి. తీసి అటుదిటు తిప్పి పెట్టండి. అందుకే ప్యానెల్ బిగించకముందే పార్కింగ్ లైటు వేసి ఒకసారి అన్నీ చూసుకోవాలి. పాత పద్ధతి చక్రం ఉన్న బండ్లలో ఎల్‌ఈడీ నెమ్మదిగా తగ్గదు. చాలాసేపు వెలిగి వెలిగి ఒక్కసారి ఆరిపోతుంది. మీరు రాత్రిపూట వెలుగు తగ్గించుకుని నడిపే మనిషైతే ఇది ముందే ఆలోచించుకోండి.

బటన్లు దాటి మీటర్ లోపలికి వెళ్తే ఒక్క బల్బును మాత్రం ముట్టుకోకండి. అది బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర దీపం. పాత బండ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు మొదట పని మొదలుపెట్టడానికి కావలసిన కొద్దిపాటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. అక్కడ ఎల్‌ఈడీ వేస్తే చాలినంత కరెంటు పోక, ఛార్జింగ్ మొదలుకాకుండా పోవచ్చు. అక్కడ కంపెనీ రకం గాజు బల్బే ఉండనివ్వండి.

టంకం పెట్టిన బల్బైతే

ఇది నాకు బాగా నచ్చిన పని. కంపెనీ లెక్కలో ఇక్కడ స్విచ్చో, ఏసీ ప్యానెల్ మొత్తమో మార్చాలి. స్విచ్ వందల్లో, ప్యానెల్ వేలల్లో. కానీ లోపల పోయింది బియ్యపు గింజంత బల్బు. సన్న మొన సోల్డరింగ్ ఐరన్, భూతద్దం ఉన్నవాళ్లు దాన్ని అరగంటలో మార్చగలరు. కారు షెడ్డులో ఆ పనిముట్లు తక్కువ. మొబైల్ ఫోన్ల బోర్డులు బాగుచేసే అంగడికి విప్పిన స్విచ్ మాత్రం తీసుకెళ్లండి. వాళ్ల చెయ్యి ఈ పనికి బాగా అలవాటు పడి ఉంటుంది.

గింజ బల్బు స్థానంలో ఎల్‌ఈడీ పెట్టిస్తుంటే కరెంటును అదుపులో ఉంచే రెసిస్టరు తప్పనిసరి. లెక్క సులువు. ఇంజన్ నడిచేటప్పుడు 14.4 వోల్టులనుకోండి, తెల్ల ఎల్‌ఈడీ దాదాపు 3 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 11.4 వోల్టులను రెసిస్టరు మింగాలి. 1 కిలో ఓమ్ పెడితే 11 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ఒక బటన్‌కు అది బాగా ఎక్కువే. నేను 2.2 కిలో ఓమ్ పెట్టించాను, 5 మిల్లీ ఆంపియర్లే, అయినా రాత్రికి నిండుగా సరిపోయింది. పావు వాటు రెసిస్టరు ఏమాత్రం కాలదు. నేరుగా 12 వోల్టులకు కలిపితే ఎల్‌ఈడీ ఒక్క మెరుపు మెరిసి పోతుంది.

మొదటినుంచీ ఎల్‌ఈడీ ఉన్న బోర్డైతే రెసిస్టరు దాని మీదే ఉంటుంది. పాత చిప్పు కొలతదే కొత్తది కావాలి. 3528 అంటే 3.5 మిల్లీమీటర్ల పొడవు, 2.8 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక మూల కోసినట్టు గుర్తు ఉంటుంది, పాతది ఎటు ఉందో తీసే ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

చిన్న రకాల బల్బులూ ఈ చిప్పులూ మన ఊళ్లలో ఒక్కోసారి దొరకవు. అనంతపురం వాళ్లకు బెంగళూరు జేసీ రోడ్డులో కారు సామాన్లు, ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరుకుతాయి. కర్నూలు వాళ్లకు హైదరాబాదులో రాణిగంజ్, కోఠి ఉన్నాయి. రెండువైపులా 200 కిలోమీటర్ల పైనే గనక బల్బు కోసమే ఎవరూ వెళ్లరు. వేరే పని మీద పోయేవాళ్ల చేతికి పాత బల్బు ఇచ్చి పంపండి.

స్విచ్ మొత్తం మార్చడం ఎప్పుడు?

లైటుతో పాటు బటన్ కూడా మొరాయిస్తుంటే. రెండుసార్లు నొక్కితే గానీ పనిచేయని పవర్ విండో బటన్, నొక్కితే నిలవని హజార్డ్ బటన్ (నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించేది), లోపల కాలిన వాసన. వీటికి బల్బు మార్చి లాభం లేదు. పాత బండ్ల నుంచి తీసిన స్విచ్ కొంటే వెనక పిన్నుల లెక్క, సాకెట్ ఆకారం కలవాలి. అందులోని బల్బూ మీ బల్బంత పాతదేనని మరవకండి. వారంటీ ఉన్న బండి అయితే ఇవేవీ మీరు చేయొద్దు, సర్వీసు సెంటరులో రాయించి వాళ్లచేతే మార్పించుకోండి.

విప్పే ముందు

బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి, తీశాక కొన్ని నిమిషాలు ఆగండి. డ్యాష్‌బోర్డు లోపల పసుపు రంగు సాకెట్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగువి, వాటి మీద చెయ్యి వేయకండి. తిరిగి కలిపాక గడియారం, కొన్ని బండ్లలో ఒక్క నొక్కుతో పైకెళ్లే అద్దం మళ్లీ సెట్ చేసుకోవాలి. మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడిగే రకమైతే ఆ కోడ్ ముందే చేతిలో ఉండాలి.

ఇనుప స్క్రూడ్రైవరుతో పెకలించకండి. ప్లాస్టిక్ పనిముట్లు సెట్టుగా దొరుకుతాయి, అంచుకు కాగితపు టేపు అంటించి వాటితో లేపండి. మన ఎండల్లో ఏళ్ల తరబడి నిలబడిన బండ్ల క్లిప్పులు పెళుసుబారి ఉంటాయి. నీడలో, మరీ చలిగా లేని పూట చేయండి. స్క్రూలు ఏ వరుసలో తీశానో మరచిపోకుండా నేను పాత ఇడ్లీ రేకు వాడతాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు.

పెద్దనాయన కారులో చక్రం తిప్పినా మసకగానే మిగిలిన రెండు బటన్లను విప్పితే బల్బులు బాగానే ఉన్నాయి. ఆయన చాలా ఏళ్లు తాడిపత్రి నుంచి బేతంచెర్ల దాకా నాపరాళ్ల వ్యాపారం మీద తిరిగారు. ఆ రాతిపొడి బటన్ లోపలి తెల్ల ప్లాస్టిక్ మీద పేరుకుపోయింది. మెత్తటి కుంచెతో దులిపితే వెలుగు తిరిగొచ్చింది. అలాంటి చోట పెట్రోలు, థిన్నరు వాడితే బటన్ మీది గుర్తే చెరిగిపోతుంది, పొడి కుంచె చాలు.

ఇక మా మూడు బండ్లలో ఏది ఎలా ఉందంటే: నా బండిలో ఏసీ ప్యానెల్‌కు నాలుగు గాజు బల్బులు, 14 వోల్టులవి. బావ బండిలో చల్లటి తెలుపు తీసేసి, పాలరంగు మూత ఉన్న వెచ్చని తెలుపు ఎల్‌ఈడీలు వేశాం, ఆ ప్యానెల్ విప్పడం రెండు గంటల పని గనక. ఆయన హజార్డ్ బటన్‌లో టంకం పెట్టిన గింజ బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టించాం. పెద్దనాయన కారులో కొత్తగా ఏమీ వేయలేదు.

బిగించాక వీధి దీపాలు లేని దారిలో బండి పక్కన ఆపి, పదిహేను ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోండి. అప్పుడు పార్కింగ్ లైటు వేసి ముందద్దంలో, రెండు పక్క కిటికీ అద్దాల్లో బటన్ల ప్రతిబింబం పడుతోందేమో చూడండి. పడుతుంటే ఎల్‌ఈడీ రంగో, రెసిస్టరో మార్చాల్సిందే. పడకుండా, వెతకకుండానే ఏసీ బటన్ వేలికి దొరికితే ప్యానెల్ చివరి క్లిప్పు అప్పుడు నొక్కండి.